సంస్కరణగా మొదలై ఒక్కరి పెత్తనంగా మారే సంఘాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక క్రైస్తవ సంఘంలో పదకొండేళ్లు ఉన్నాను. అందులో నాలుగేళ్లు పెద్దల్లో ఒకడిగా కూర్చున్నాను. బయటికి వచ్చాక, ఇది మా ఒక్కరికే జరిగిందా అన్న ప్రశ్న నిద్రపోనివ్వక సంఘ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. అలాంటి చోట్ల ఇప్పుడు ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటున్నాయి. ప్రతిసారీ ఫోన్‌లో గంటసేపు చెప్పేదాన్ని ఒక చోట రాసిపెడుతున్నాను. సంస్కరణ అంటే ఇక్కడ పదహారో శతాబ్దపు ఐరోపా సంస్కరణ ఒక్కటే అనుకోకండి. పాత సంఘం దారి తప్పింది, వాక్యానికి తిరిగి వెళ్దాం, అపొస్తలుల నాటి సంఘంలా బతుకుదాం అంటూ బయల్దేరిన ప్రతి ఉద్యమమూ ఇందులోకి వస్తుంది.

మంచి ఉద్దేశంతో మొదలైన ఉద్యమం పెత్తనంలోకి ఎలా జారుతుంది? మొదటి నుంచీ మోసమేనా?

నేను చదివినంతలో, చూసినంతలో, ఎక్కువ చోట్ల మొదట్లో మోసం లేదు. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం.

సంస్కరణ ముందుగా చేసే పని పాత కట్టడాల్ని పడగొట్టడం. బిషప్పులు, సభలు, నియమావళి, తీర్మానాలు, లెక్కల పుస్తకాలు, ఇవన్నీ మనుషులు కల్పించినవి, ఆత్మ పనికి అడ్డమని తీసేస్తారు. వాటిలో నిజంగానే కుళ్లు ఉంటుంది, కాదనను. కానీ నాయకుడు తప్పు చేస్తే ఆపగలిగే ఏర్పాట్లు కూడా ఆ పాత కట్టడంలోనే ఎక్కడో ఉంటాయి. చెత్తతో పాటు తాళంచెవులు కూడా బయటపడేసినట్టు అవుతుంది. వాటి స్థానంలో మిగిలేది నమ్మకం ఒక్కటే. ఇరవైమంది ఉన్నప్పుడు నమ్మకం చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే ఒకరి ఇల్లు ఒకరికి తెలుసు, ఒకరి కోపం ఒకరికి తెలుసు. ఇరవైమంది రెండు వేలమంది అయ్యాక పరిచయం పోతుంది, నమ్మకం మాత్రం ఒక మనిషి పేరు మీద నిలిచిపోతుంది.

బ్రదరన్ ఉద్యమాన్నే తీసుకోండి. 1820ల చివర్లో డబ్లిన్‌లో కొద్దిమంది, పాదిరీ లేకుండా, డినామినేషన్ (సంఘ శాఖల) గోడలు లేకుండా, క్రీస్తును నమ్మినవాళ్లందరూ ఒకే బల్ల దగ్గర రొట్టె విరుద్దామని కూడుకున్నారు. అంతకంటే అందమైన ఆరంభం నాకు తెలియదు. వాళ్లలో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ 1836లోనే సహచరుడు జాన్ నెల్సన్ డార్బీకి ఉత్తరం రాసి హెచ్చరించాడు. ఎదుటివాడిలో క్రీస్తు జీవం ఉందా అని కాక, అభిప్రాయాలు మనతో కలిశాయా అని చూసి సహవాసం ఇచ్చే స్థితికి వెళ్తున్నామన్నది ఆయన బాధ. 12 ఏళ్ల తర్వాత, 1848లో, అదే జరిగింది. డార్బీ తప్పుపట్టిన బోధకుడి సంఘం నుంచి వచ్చిన కొందరిని బ్రిస్టల్‌లోని బెతెస్డా సంఘం చేర్చుకుంది. డార్బీ ఆ సంఘంతోనూ, దానితో తెగతెంపులు చేసుకోని సంఘాలన్నిటితోనూ సహవాసం తెంచేశాడు. బిషప్పు అన్న పదవి అక్కడ లేదు. ఒక్క మనిషి ఉత్తరంతో ఎన్నో ఊళ్ల సంఘాలు విడిపోవడం మాత్రం జరిగింది. పదవి లేని అధికారానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పదవి ఉంటే దాన్నుంచి దించవచ్చు. పదవే లేనివాడిని ఎక్కణ్ణుంచి దించుతాం?

లోపల ఉన్నవాళ్లకు ఎందుకు తెలియదు?

మాకు జరిగింది చెబుతాను.

మొదట్లో కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చునేవాళ్లం. పాట ఎవరైనా ఎత్తుకోవచ్చు, వాక్యం ఎవరైనా చదవచ్చు. మా నాయకుడు ఆ గుండ్రంలో ఎక్కడో ఒక చోట ఉండేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు తన కుర్చీ ఇచ్చి నిలబడేవారు. మూడో ఏడు ఆయనకు నడుం నొప్పి వచ్చింది. ఎవరో చేతులున్న మెత్తటి కుర్చీ ఒకటి తెచ్చారు. గుండ్రంలో పట్టలేదని దాన్ని కాస్త ముందుకు జరిపాం. జరిపినవాళ్లలో నేనూ ఉన్నాను. అది ముందుకొచ్చాక మిగతా కుర్చీలు దాని వైపు తిరిగి వరుసలయ్యాయి. నొప్పి తగ్గింది, కుర్చీ అక్కడే ఉండిపోయింది. ఆయన రాని రోజు కూడా అందులో ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఒకసారి ఒక చిన్నపాప ఎక్కి కూర్చుంటే తల్లి కంగారుగా చెయ్యిపట్టి లాగేసింది. పాపకు ఏం తప్పు చేసిందో అర్థం కాలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు, టైం కలిసొస్తుందని, ప్రశ్నలుంటే చీటీ మీద రాసి ఇమ్మన్నాం. ఏ చీటీ చదవాలో పెద్దలం ముందే చూసేవాళ్లం.

ఇందులో ఏ ఒక్క అడుగూ తప్పుగా అనిపించలేదు. ప్రతిదానికీ ఒక మంచి కారణం ఉంది, ఆయన ఆరోగ్యమో, సమయమో, క్రమమో. ఏ రోజున గీత దాటామో ఇప్పటికీ నేను చెప్పలేను.

ఇది ఈ కాలపు జబ్బా? పాతకాలం సంస్కర్తలు ఇలా ఉండేవాళ్లు కాదు కదా?

పాతకాలంలో ఇంకా ఘోరంగా జరిగింది. అప్పట్లో సంఘం చేతిలో కత్తి కూడా ఉండేది.

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో సంస్కర్త ఉల్రిచ్ జ్వింగ్లీ చుట్టూ చేరి వాక్యం చదువుకున్న యువకుల్లో ఫెలిక్స్ మాంజ్ ఒకడు. గురువు నేర్పినట్టే లేఖనాన్ని పట్టుకుని, శిశువులకు బాప్తిస్మం ఇవ్వమని లేఖనంలో ఎక్కడుంది అని అడిగాడు. 1527 జనవరి 5న ఆ నగర సభ అతణ్ణి లిమ్మాట్ నదిలో ముంచి చంపించింది. సంస్కరణ మొదలై పదేళ్లు నిండలేదు.

ముంచబడినవాళ్ల వైపు నుంచి వచ్చినవాళ్లైనా బాగుపడ్డారా అంటే, అదీ లేదు. 1534లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరం, శిశు బాప్తిస్మం చెల్లదనే అనబాప్టిస్టుల చేతికి వచ్చింది. హార్లెం నుంచి వచ్చిన యాన్ మాథిస్ అనే రొట్టెలు కాల్చేవాడు ప్రవక్తగా నిలిచాడు. ఆస్తులు ఉమ్మడి చేశారు. బాప్తిస్మం తీసుకోనివాళ్లను ఊరి నుంచి తరిమేశారు. ఈస్టర్ నాడు మాథిస్ నగరాన్ని ముట్టడించిన సైన్యం మీదికి వెళ్లి చనిపోయాక, దర్జీ పని చేసిన యాన్ వాన్ లైడెన్ ఆ చోటుకు వచ్చాడు. నగర పెద్దల సభను రద్దు చేశాడు. జులైలో బహుభార్యాత్వం తెచ్చాడు. సెప్టెంబరు నాటికి రాజునని ప్రకటించుకున్నాడు. ఊళ్లో జనం తిండిలేక మాడుతుంటే తన కొలువులో వైభవం తగ్గనివ్వలేదు. భార్యల్లో ఒకామె ఎదురు మాట్లాడిందని నడిబజారులో తల నరికించాడు. 1535 జూన్‌లో నగరం పడిపోయింది. మరుసటి జనవరిలో అతణ్ణి, మరో ఇద్దరిని చంపి శవాల్ని ఇనుప బోనుల్లో పెట్టి సెయింట్ లాంబెర్ట్ చర్చి గోపురానికి వేలాడదీశారు. ఆ బోనులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఆ కథలో నన్ను ఆపేది రాజు కిరీటం కాదు, దానికి ముందు జరిగిన చిన్న సంగతి. ఎన్నికైన సభను తీసేసినప్పుడు జనం ఒప్పుకున్నారు. దేవుడే స్వయంగా మాట్లాడుతున్నప్పుడు సభ ఎందుకనుకున్నారు.

ఇంగ్లండ్ సంఘాన్ని ఇంకా శుద్ధి చేయాలన్న ప్యూరిటన్లు అమెరికాలోని మసాచుసెట్స్‌కు వలస వెళ్లారు; తమ మనస్సాక్షి ప్రకారం ఆరాధించుకోవడానికే 1630లో సముద్రం దాటారు. 1635లో రోజర్ విలియమ్స్‌కు, 1637లో యాన్ హచిన్సన్‌కు వాళ్ల మనస్సాక్షి కోసమే బహిష్కరణ శిక్ష వేశారు. 1660లో క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖకు చెందిన మేరీ డయర్ అనే స్త్రీని బోస్టన్‌లో ఉరి తీశారు. హింస అనుభవించినవాడికి హింసించడం రాదని అనుకుంటాం. రాకపోవడానికి కారణమేమీ లేదు.

సిద్ధాంతం సరిగ్గా ఉంటే ఈ ప్రమాదం ఉండదు కదా?

ఉంటుంది. 1553 అక్టోబరు 27న జెనీవాలో, త్రిత్వాన్ని కాదన్న మైకేల్ సెర్వెటస్‌ను సజీవంగా కాల్చినప్పుడు, త్రిత్వం గురించి సనాతన క్రైస్తవ బోధ అక్కడి సంస్కర్త జాన్ కాల్విన్ వైపే ఉంది. ఆ బోధ సరైనదేనని నేనూ నమ్ముతాను. సెబాస్టియన్ కాస్టెలియో అనే పండితుడు అప్పుడే జవాబిచ్చాడు: ఒక మనిషిని చంపడం సిద్ధాంతాన్ని కాపాడడం అవదు, మనిషిని చంపడమే అవుతుంది. మా సంఘంలో విశ్వాస ప్రమాణంలో ఒక్క అక్షరం తప్పు లేదు. మనుషుల్ని చూసిన తీరులోనే తప్పంతా ఉంది.

"నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అని వాక్యముంది. దైవజనుణ్ణి ప్రశ్నిస్తే శాపం రాదా?

ఈ ఒక్క భయం వల్ల ఎంతమంది ఏళ్ల తరబడి నోరు మూసుకున్నారో నాకు తెలుసు. అందుకే నిదానంగా చెబుతాను.

ఆ మాట 105వ కీర్తనలో, 15వ వచనంలో ఉంది. దాని ముందున్న మూడు వచనాలు చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కొద్దిమందిగా, పరదేశులుగా, ఒక దేశం నుంచి మరో దేశానికి తిరుగుతున్నప్పటి సంగతి అది. వాళ్లకు సొంత నేల లేదు, సైన్యం లేదు. అలాంటివాళ్ల కోసం దేవుడు రాజుల్ని గద్దించాడు, నా వాళ్లను ముట్టకండి అన్నాడు. అంటే బలవంతుడి చేతి నుంచి బలహీనుణ్ణి కాపాడిన మాట అది. దాన్ని ఇప్పుడు మైకు చేతిలో ఉన్నవాడు, వేదిక మీద ఉన్నవాడు, మైకు లేనివాళ్ల నోరు మూయించడానికి వాడుతున్నాడు. వచనం తలకిందులైంది.

దావీదు సౌలును చంపలేదు కదా అంటారు. నిజమే, ఏన్గెదీ గుహలో చెయ్యి ఎత్తలేదు. కానీ అదే అధ్యాయంలో గుహ బయటికి వచ్చి, సైన్యం వినేలా, కోసిన బట్ట చెంగు చేతిలో పట్టుకుని, నువ్వు నాకు అన్యాయం చేస్తున్నావని సౌలుతో చెప్పాడు. ముట్టకపోవడం అంటే చంపకపోవడం. మాట్లాడకపోవడం అని దానికి అర్థం లేదు. ఆ దావీదే రాజయ్యాక తప్పు చేస్తే నాతాను వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. నాతానుకు శాపం తగల్లేదు. అంతియొకయలో పౌలు పేతురును అందరి ముందు ముఖాముఖి నిలదీశాడు, గలతీ పత్రిక 2వ అధ్యాయంలో తానే రాశాడు. కొత్త నిబంధనలో అభిషేకం ఒక వర్గానికి కేటాయించిన సొత్తు కూడా కాదు. యోహాను మొదటి పత్రిక 2వ అధ్యాయం ప్రకారం అది విశ్వాసులందరికీ ఉంది. అభిషిక్తుల్ని ముట్టకూడదు అన్న మాటను నిజంగా పాటించాలంటే, వెనక వరుసలో కూర్చున్న ముసలామెను ఏడిపించకుండా ఉండాలి.

ఇక నాయకుల గురించి "వారి మాట విని, వారికి లోబడియుండుడి" అన్న హెబ్రీ 13:17. అక్కడ మాట వినడానికి వాడిన గ్రీకు క్రియ ఒప్పించడం అన్న మాట నుంచి వచ్చింది. ఒప్పించేవాడు లేకుండా ఒప్పుకునేవాడు ఉండడు.

ఆత్మీయ తండ్రి, కవరింగ్ (పైనున్న నాయకుడి నీడలో ఉండడం), అకౌంటబిలిటీ (జవాబుదారీతనం) అంటున్నారు. అవి మంచివే కదా?

ఒకరికొకరు జవాబుదారీగా ఉండడం మంచిదే. అయితే అది ఎటు పారుతోందో చూడాలి. ఇరువైపులా పారితే సహవాసం. కింది నుంచి పైకి మాత్రమే పారితే అది నిఘా.

1970లో అమెరికాలో, ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో, ఒక నాయకుడి నైతిక పతనం చూసి కలవరపడిన బోధకులు, మనం ఒంటరిగా ఉంటే మనమూ ఇలాగే పడతాం, ఒకరికొకరం లోబడి ఉందాం అని ఒప్పందం చేసుకున్నారు. డెరెక్ ప్రిన్స్, బాబ్ మమ్‌ఫర్డ్, చార్ల్స్ సింప్సన్, డాన్ బాషమ్, తర్వాత ఎర్న్ బాక్స్‌టర్. సమానుల మధ్య ఒప్పందంగా మొదలైంది. దాన్నే కింది దాకా బోధించేసరికి మెట్లు వచ్చాయి. ప్రతి విశ్వాసికి ఒక కాపరి, ఆ కాపరికి ఒక కాపరి. ఉద్యోగం మారాలన్నా, ఇల్లు మారాలన్నా, పెళ్లి చేసుకోవాలన్నా కాపరిని అడగాల్సిన చోట్లు ఏర్పడ్డాయి. 1975కల్లా, పరిశుద్ధాత్మ వరాలను నొక్కిచెప్పే ఇతర కారిజ్మాటిక్ నాయకులు బహిరంగంగా తప్పుపట్టారు. 1980ల మధ్యకు ప్రిన్స్ తప్పుకున్నాడు, 1986లో వాళ్ల పత్రిక ఆగిపోయింది. 1989లో మమ్‌ఫర్డ్ బాహాటంగా క్షమాపణ కోరాడు. పతనాన్ని ఆపడానికి వేసిన మందే జబ్బయింది.

మీ సంఘంలో పరీక్షించి చూడాలంటే ఒక చిన్న పని చేయండి. మీ ఆత్మీయ తండ్రి ఈమధ్య తన తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకున్నారా, మీ మాట విని తన నిర్ణయం ఎప్పుడైనా మార్చుకున్నారా, గుర్తు చేసుకోండి.

మా నాయకుడికి పదిమంది పెద్దల కమిటీ ఉంది. అది చాలదా?

వాళ్లను నియమించేది ఎవరు? తీసేయగలిగేది ఎవరు? వాళ్ల జీతం ఎవరి సంతకంతో వస్తుంది? ఈ మూడింటికీ జవాబు ఆయనే అయితే, పదిమంది ఉన్నా ఒక్కరే ఉన్నట్టు. నాలుగేళ్లలో మా కమిటీలో ఆయన ప్రతిపాదన ఒక్కటి కూడా ఓడిపోలేదు. దాన్ని ఐకమత్యం అని దేవునికి స్తోత్రాలు చెల్లించాం.

అప్పీలు చేసుకునే చోటు ఉండడం కమిటీ కంటే ముఖ్యమని నాకు అనిపిస్తుంది. 1792లో బాల్టిమోర్‌లో అమెరికా మెథడిస్టుల సభలో జేమ్స్ ఒకెల్లీ ఒక తీర్మానం పెట్టాడు. బిషప్పు తనకు కేటాయించిన చోటు వల్ల నష్టపోతున్నానని బోధకుడు అనుకుంటే సభకు మొరపెట్టుకునే హక్కు ఇవ్వండి అన్నాడు, అంతే. అది ఓడిపోయింది. ఆయన, ఆయనతో ఏకీభవించినవాళ్లు వెళ్లిపోయారు.

డబ్బు లెక్కలు అడగడం అవిశ్వాసమా?

కాదు. యెరూషలేములోని పేదల కోసం పోగైన కానుకను పౌలు ఒంటరిగా మోసుకెళ్లలేదు. సంఘాలు ఏర్పరచుకున్న మనుషుల్ని వెంట తీసుకెళ్లాడు. ఎవరూ తప్పు పట్టకుండా, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సరిగా ఉండడానికి అలా చేస్తున్నానని రెండో కొరింథీ 8వ అధ్యాయంలో రాశాడు. పౌలుకు అవసరమైనది మీ పాస్టర్‌గారికి అవసరం లేదంటే ఎందుకో ఆయనే చెప్పాలి.

ప్రశ్నించినవాళ్లు ఏమవుతారు?

మొదట ప్రేమగా పిలిచి మాట్లాడతారు. ప్రశ్న గురించి కాదు, ప్రశ్నించిన మనిషి గురించి మాట్లాడతారు. ఏమైనా గాయం ఉందా, ప్రార్థన తగ్గిందా, ఇంట్లో గొడవలా అని అడుగుతారు. తర్వాత పేరు పెడతారు. తిరుగుబాటు ఆత్మ, యెజెబెలు ఆత్మ, మోషే మీద తిరగబడిన కోరహు. పేరు పడ్డాక ఆ మనిషి ఏం చెప్పినా ఆ పేరుకు రుజువుగానే లెక్క. అప్పటికీ ఆగకపోతే వెలి.

వెలి ఎంత దూరం వెళ్తుందో, డార్బీ వైపు నిలిచిన ఎక్స్‌క్లూజివ్ బ్రదరన్ శాఖ చరిత్రలో కనిపిస్తుంది. 1960లలో జేమ్స్ టేలర్ జూనియర్ నాయకత్వంలో, సహవాసంలో లేనివాళ్లతో కలిసి భోంచేయకూడదన్న నియమం గట్టిపడింది. ఒకే ఇంట్లో భార్యాభర్తలు, తల్లీపిల్లలు వేరువేరుగా తినాల్సి వచ్చింది. అందరూ ఒకే బల్ల దగ్గర అని మొదలైన ఉద్యమం అది.

నేను చేసినదీ చెప్పాలి. ఒక సోదరుడు మా లెక్కల గురించి అడిగి, వెలికి గురై వెళ్లిపోయాడు. మా అబ్బాయి పుట్టినప్పుడు రాత్రంతా హాస్పిటల్లో నా పక్కన కూర్చున్న మనిషి. ఆయనతో మాట్లాడొద్దని పద్నాలుగు ఇళ్లకు ఫోన్ చేసి చెప్పింది నేనే. కొన్ని నెలల తర్వాత రోడ్డు మీద ఎదురయ్యాడు, చెయ్యి ఎత్తబోయాడు. నేను అవతలి వైపుకు దాటి వెళ్లాను. అప్పుడు నాకు బాధగా అనిపించలేదు, నమ్మకంగా ఉన్నాననిపించింది. దీని గురించి రాయాలని నేను పూనుకోవడానికి అదే కారణం.

ఒక మాట గుర్తుంచుకోండి. పెద్ద మీద నేరారోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా అంగీకరించవద్దని మొదటి తిమోతి 5:19 చెబుతుంది. ఈ వచనం ప్రతి కమిటీలో వినబడుతుంది. పాపం చేసినవారిని అందరి ముందు గద్దించమనే 20వ వచనం మాత్రం నేను కూర్చున్న నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వినలేదు.

మా దగ్గర అంత ఘోరాలేం జరగలేదు. మ్యూన్‌స్టర్‌తో పోల్చడం అన్యాయం కాదా?

మ్యూన్‌స్టర్ దాకా వెళ్లేవి చాలా తక్కువ. 1978 నవంబరు 18న గయానాలో పీపుల్స్ టెంపుల్ సంఘ నాయకుడు జిమ్ జోన్స్ అనుచరులు 900 మందికి పైగా చనిపోయిన రోజులాంటివి ఇంకా అరుదు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఒకే బెంచీ మీద కూర్చోవాలన్న ఆశయం ఆ సంఘానికి పేరు తెచ్చిందన్నది కూడా మరిచిపోకూడదు. ఎక్కువ సంఘాలు మధ్యలో ఎక్కడో ఆగుతాయి. అక్కడ ప్రాణాలు పోవు. ఒకావిడ పదేళ్లపాటు సొంత చెల్లెలితో మాట్లాడదు. ఒక కుర్రాడు చదువు మానేసి కరపత్రాలు పంచుతాడు, ముప్పై ఏళ్లొచ్చాక ఏం చేయాలో తెలియక నిలబడతాడు. ఇది వార్తల్లోకి రాదు.

జారిపోయిన ఉద్యమం మళ్లీ దారిలోకి వచ్చిన దాఖలాలు ఉన్నాయా?

ఉన్నాయి. ఇవి చదివినప్పుడే నాకు ఊపిరాడింది.

ఇటలీకి చెందిన ఫ్రాన్సిస్ అసిసీ పేదరికాన్ని పెళ్లాడినట్టు బతికాడు. ఆయన 1226లో పోయాక, 1232లో సహోదరుడు ఎలియాస్, ఫ్రాన్సిస్ మొదలుపెట్టిన సన్యాసుల సమాజానికి అధిపతి అయ్యాడు. సమర్థుడు, అసిసీలో ఫ్రాన్సిస్ పేరిట బ్రహ్మాండమైన దేవాలయం కట్టించినవాడు. కానీ అన్ని ప్రాంతాల సహోదరులు కూర్చోవాల్సిన సర్వసభను పిలవలేదు. తన మనుషుల్ని తనిఖీకి పంపి అందరి మీదా పట్టు బిగించాడు. సహోదరులు ఊరుకోలేదు. 1239లో రోమ్‌లో పోప్ తొమ్మిదో గ్రెగరీ సమక్షంలో సభ జరిగింది, ఎలియాస్‌ను పదవి నుంచి దించారు. తర్వాత అధిపతి అధికారానికి హద్దులు రాసుకున్నారు. వాళ్లు అంత ధైర్యంగా నిలబడగలిగారంటే ఒక కారణముంది. అధిపతి తగినవాడు కాదని తేలితే వేరొకరిని ఎన్నుకోవాలని 1223 నాటి నియమావళిలోనే, ఫ్రాన్సిస్ బతికుండగానే, రాసి ఉంది.

సైన్యం తరహాలో, జనరల్ అనే అధిపతి కింద నడిచే క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీది మరో రకం. 1878లో విలియం బూత్ చేతికి పూర్తి అధికారం వచ్చింది, తన తర్వాత ఎవరో కూడా ఆయనే నిర్ణయించాలి. ఆయన 1912లో చనిపోయినప్పుడు, వారసుడి పేరు రాసి మూసిన కవరు తెరిస్తే కొడుకు బ్రామ్‌వెల్ పేరు ఉంది. అయితే బూత్ బతికుండగానే 1904లో ఒక దస్తావేజు రాయించాడు. జనరల్ బాధ్యతకు తగడని అనిపిస్తే ముఖ్య అధికారులు హై కౌన్సిల్‌గా కూడి తప్పించవచ్చని అందులో ఉంది. 1929లో, అనారోగ్యంతో ఉండి కూడా పదవి వదలని బ్రామ్‌వెల్ విషయంలో ఆ కౌన్సిల్ మొదటిసారి కూడింది. కోర్టు దాకా వెళ్లింది, కన్నీళ్లతో జరిగింది. చివరికి ఎడ్వర్డ్ హిగిన్స్‌ను ఎన్నుకున్నారు. 1931లో చట్టం మార్చి కవరు పద్ధతే తీసేశారు. ఆనాటి నుంచి జనరల్‌ను ఎన్నుకుంటున్నారు.

రెండు చోట్లా కాపాడింది ముందే రాసిపెట్టిన కాగితం. నాయకుడు మంచిగా ఉన్నప్పుడు, అందరూ ఆయన్ను ప్రేమిస్తున్నప్పుడు, అవసరమే లేదనిపించినప్పుడు రాసింది. మీరు ఇప్పుడే కొత్త సంఘం మొదలుపెడుతుంటే ఈ పని ఈ నెలలోనే చేయండి. ఎవరు ఎవర్ని ఎలా దించవచ్చో రాసి, అందరికీ తలొక కాపీ ఇవ్వండి. నాయకుడు నొచ్చుకుంటే ఆ నొచ్చుకోవడం మీకు చాలా చెబుతుంది.

అయితే బలమైన నాయకుడే ఉండకూడదా?

ఉండవచ్చు. పౌలు మెత్తటివాడేమీ కాదు. ఆయనకు "కుదరదు" అని చెప్పి కూడా అదే సంఘంలో గౌరవంగా బతకగలిగితే చాలు. కొరింథుకు ఇప్పుడే వెళ్లమని పౌలు ఎంతగానో బతిమాలినా, అపొల్లో ఇష్టపడలేదు. పౌలు ఆ మాట మామూలుగా రాసి, ఆయనకు వీలైనప్పుడు వస్తాడులే అని వదిలేశాడు. అపొల్లో ఇంకా సోదరుడే.

సంఘం పరువు పోతుంది, బయట చెప్పవద్దంటున్నారు. ఏం చేయాలి?

నేరం జరిగితే, ముఖ్యంగా పిల్లల మీద గానీ ఆడవాళ్ల మీద గానీ అఘాయిత్యం జరిగితే, నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లండి. ముందు పెద్దలకు చెప్పి, వాళ్ల అనుమతి తీసుకుని వెళ్లడం అనేది వద్దు. ఇందులో రెండో అభిప్రాయం లేదు. మిగతా విషయాల్లో తేదీలతో రాసిపెట్టుకోండి, ఒంటరిగా మీటింగుకు వెళ్లకండి, మీతో పాటు ఒకర్ని తీసుకెళ్లండి. యోహాను మూడో పత్రికలో దియొత్రెఫే సంగతి చూడండి. ప్రధానత్వం కోరుకుని, సహోదరులను చేర్చుకోనివ్వక, చేర్చుకున్నవాళ్లను వెలివేసిన మనిషి. యోహాను అతని పేరు పెట్టి ఉత్తరంలో రాశాడు. సంఘం పరువు పోతుందని దాచలేదు.

బయటికి వచ్చేశాను. ఇక ఏ సంఘానికీ వెళ్లబుద్ధి కావడం లేదు. తప్పా?

తప్పు కాదు. నాకు రెండేళ్లు పట్టింది. పాట మొదలైతే చేతులు వణికేవి, "లోబడుట" అన్న మాట వింటే కడుపులో తిప్పేది. ఎవరైనా తొందరపెడితే వాళ్లకు దూరంగా ఉండండి. ఇంట్లో ఒక్కరే సువార్తలు చదువుకోవచ్చు, అసలు చదవకుండా కొన్నాళ్లు ఉండవచ్చు. ముందు తెగిపోయిన మనుషుల్ని కలుపుకోవడం మొదలుపెట్టండి. నేను రోడ్డు దాటి తప్పించుకున్న ఆ సోదరుడి ఇంటికి వెళ్లి తలుపు కొట్టాను. ఆయన వెంటనే లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే చాలాసేపు నిలబడి మాట్లాడుకున్నాం.

ఎప్పుడైనా మళ్లీ ఒక సంఘానికి వెళ్లాలనిపిస్తే వెనక వరుసలో కూర్చోండి. ఆరు నెలలు ఏ బాధ్యతా ఒప్పుకోకండి, ఎంత ప్రేమగా అడిగినా సరే. ఒక రోజు పాస్టర్‌గారి దగ్గరికి వెళ్లి, పోయినేడాది మీతో ఏకీభవించనివాళ్లు ఎవరైనా ఉన్నారా, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు అని అడగండి. నేను అడిగినప్పుడు ఆయన ఒక క్షణం ఆలోచించి, మూడో వరుసలో పిల్లాణ్ణి ఎత్తుకుని కూర్చున్న ఒకాయన్ను చూపించారు.